బాబర్ బుల్లెట్‌కి హ్యాండిల్ బార్: కొన్నది క్లాంపులో కూర్చోవట్లేదు, ఇప్పుడేం చేయాలి?

తెనాలి_థంపర్
నాది 2013 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఏడాదిగా మెల్లమెల్లగా బాబర్ చేసుకుంటున్నా, అంటే అదనపు సామాను తీసేసి పొట్టిగా చేసిన బండి. వెనక మడ్‌గార్డ్ కోశాం, సింగిల్ సీటు పడింది, టైర్లు మారాయి. మిగిలింది హ్యాండిల్. ఫొటోలు చూసి మోజుపడి 12 అంగుళాల ఏప్ హ్యాంగర్ (బాగా ఎత్తుగా లేచే హ్యాండిల్) ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి తెప్పించా. "అన్ని బుల్లెట్లకూ సరిపోతుంది" అని రాసుంది. నిన్న షెడ్డులో పాతది విప్పి ఇది పెట్టబోతే హ్యాండిల్‌ని పట్టి ఉంచే క్లాంపులో కూర్చోనే లేదు. పై మూత పెడితే రెండువైపులా బోలెడు సందు. స్విచ్‌లు మూసుకోవు, ఎక్స్‌లేటర్ గొట్టం అసలే ఎక్కదు. వాపసు తీసుకోమంటే "ప్యాకింగ్ చింపేశారు కదా సార్" అంటున్నాడు.

మెకానిక్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, క్లాంపు లోపల గ్రైండింగ్ పట్టి పెద్దది చేయడం. రెండోది, తెలిసిన వెల్డింగ్ షాపులో పైపు వంచి ఇదే షేపులో కొత్తది చేయించడం. ఐదొందల్లో అయిపోతుందట.

నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. రోజూ గుంటూరు పోయి రావాలి. ఏం చేయమంటారు?

ఆర్ఎక్స్_వంద
మూడో దారి: బట్టలారేసుకోవడానికి వాడుకో.

ఆటోనగర్_టర్నర్
వెర్నియర్ (లావు కొలిచే పరికరం) ఉంటే ఆ బార్‌ని కొలిచి చెప్పు తమ్ముడూ. లేకపోతే లేత్ షాపుకి పట్టుకెళ్ళు, ఊరికే కొలిచిస్తారు. 25.4 మిల్లీమీటర్లు వస్తుంది చూడు.

తెనాలి_థంపర్
ఇప్పుడే కొలిపించా. 25.4! మీకెలా తెలిసింది?

ఆటోనగర్_టర్నర్
ఇలాంటివి నెలకు రెండు వస్తాయి నా దగ్గరికి. మన దగ్గర తిరిగే బుల్లెట్లు, యమహాలు, పల్సర్లు చాలావరకు 22 మిల్లీమీటర్ల బార్‌తో ఉంటాయి. ఖచ్చితంగా చెప్పాలంటే 22.2, అంటే ముప్పావు మీద అర్ధపావు, 7/8 అంగుళం. నువ్వు కొన్నది అంగుళం బార్. అది హార్లీలకు వాడే సైజు. ఇంకో రకం ఉంది, ఫ్యాట్ బార్ అంటారు. క్లాంపు దగ్గర 28.6 లావుంటుంది, చివర్లకొచ్చేసరికి 22కి సన్నబడుతుంది. అది వేసుకుంటే క్లాంపులు మార్చాలి కానీ స్విచ్‌లు, గ్రిప్పులు పాతవే ఎక్కుతాయి. నీదాంట్లో ఆ సౌకర్యం కూడా లేదు. చివరిదాకా అంగుళమే కాబట్టి స్విచ్‌లు, లీవర్లు, గ్రిప్పులు అన్నీ మార్చుకోవాలి.

ఇక మీ మెకానిక్ మాట. క్లాంపుకి గ్రైండింగ్ పట్టనివ్వకు. చేత్తో పట్టిన గ్రైండరు గుండ్రంగా కోయదు, గుంటలు గుంటలుగా కోస్తుంది. బార్ మూడు చోట్ల ఆనుతుంది, మిగతాది గాలి. గుంతలో పడ్డప్పుడు హ్యాండిల్ గిర్రున ముందుకు తిరుగుతుంది. ఆ పని నేను ఐదు వేలిచ్చినా చేయను.

పోతపోసిన_బుల్లెట్
టర్నర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నా 1984 బుల్లెట్‌కి ఒకసారి క్లాంపు లూజై స్పీడు బ్రేకరు మీద హ్యాండిల్ ముందుకు వాలిపోయింది. నమస్కారం పెడుతున్నట్టు బండి మీద వంగిపోయాను. ఎదురుగా ఉన్నది పోలీస్ స్టేషనే. వాళ్ళు కూడా నమస్కారం పెట్టారు.

ఆర్ఎక్స్_వంద
😂😂 తాతగారూ, మీరు రోజూ రాయాలి.

రాణిగంజ్_రోమర్
సందులో సిగరెట్టు డబ్బా రేకు చుట్టి బిగించేవాళ్ళు కూడా ఉన్నారు భయ్యా. బార్ చిన్నదైనప్పుడు చేస్తారు ఆ పని. నేనూ చేశా. ఆర్నెల్లు బానే ఉంది. తర్వాత ఓ రోజు షామీర్‌పేట దగ్గర యూ టర్న్ కొడితే చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఒకవైపు.

తెనాలి_థంపర్
సరే, గ్రైండింగ్ రద్దు. వెల్డింగ్ షాపు పైపు సంగతేంటి? అతను చేసిన ఒక బార్ అక్కడ పెట్టుంది. క్రోమ్ కూడా వేయించాడు. చూడ్డానికి మాత్రం అద్దంలా ఉంది.

ఆటోనగర్_టర్నర్
అది ఏ పైపో తెలుసా? చాలాచోట్ల అర అంగుళం నీళ్ళ పైపే. పేరుకి అర అంగుళం కానీ బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు. బుల్లెట్ బార్ 22.2. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, కంటికి కనపడదు. అందుకే "సరిగ్గా సరిపోయింది" అనిపిస్తుంది. పై రోమర్ గారి రేకు కథ ఇక్కడే మొదలవుతుంది. క్లాంపు మూత చివరిదాకా దిగిపోయినా పైపు బిగియదు. బోల్టులు పిండేకొద్దీ క్లాంపుకే పగులు వస్తుంది.

పైగా అందులో చాలా పైపులు పట్టీని గుండ్రంగా చుట్టి అతుకు వేసినవి. చల్లగా ఉండగానే ఇసుక పోసి వంచితే వంపు బయటివైపు గోడ పల్చబడుతుంది, లోపలివైపు ముడతలు పడతాయి. అతుకు సరిగ్గా వంపు మీదకొస్తే ఇంకా చెప్పక్కర్లేదు. పైన క్రోమ్ వేశాక ముడత ఒక్కటే కనపడుతుంది, పగులు కనపడదు. నీకు అద్దంలా కనపడ్డ ఆ బార్‌ని కిందికి వేలాడదీసి వంపు లోపలివైపు వేలితో తడిమి చూడు. అలలు తగిలితే దండం పెట్టి వచ్చెయ్.

ఆర్క్ వెల్డింగ్‌తో రెండు ముక్కలు అతికిన బార్ అయితే చూడను కూడా చూడొద్దు.

తెనాలి_థంపర్
తడిమి చూశా. అలలున్నాయి. దండం పెట్టి వచ్చేశా.

ఫ్రీమాంట్_చాపర్
మా ఊరు నరసరావుపేట, ఉండేది కాలిఫోర్నియా. నా హార్లీ డైనాకి 10 అంగుళాల ఏప్ హ్యాంగర్లు ఉన్నాయి కాబట్టి ఒక మాట. 5'6"కి 12 అంగుళాలు వద్దు తమ్ముడూ. ఇక్కడ చట్టం ప్రకారం సీటు మీద కూర్చుని గ్రిప్పులు పట్టుకుంటే చేతులు భుజాల కంటే 6 అంగుళాలకు మించి పైన ఉండకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టు. చేతులు గుండె కంటే పైన ఉంటే రక్తం కిందికి దిగుతుంది, ఇరవై నిమిషాల్లో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. హైవే మీద గాలి చొక్కాలోకి దూరి నిన్ను తెరచాపలా లాగుతుంది. కోతి కొమ్మ పట్టుకుని వేలాడినట్టు ఉంటుందనే ఆ పేరు పెట్టారు మరి.

వెనకసీటు_కాదు
నాది వైజాగ్. ఎత్తు 5'1", బండి క్లాసిక్. ఎత్తు గురించి అందరూ మాట్లాడతారు కానీ అసలు బాధ దూరం. స్టాక్ బార్, అంటే కంపెనీ ఇచ్చింది, నాకు ముందుకు ఉండేది. ఎడమకి పూర్తిగా తిప్పితే కుడి చెయ్యి అందేది కాదు, ఎక్స్‌లేటర్ వేళ్ళ చివర్లతో పట్టుకునేదాన్ని. బార్ మార్చకుండా క్లాంపుల కింద వెనక్కి వంగిన రైజర్లు (బార్‌ని లేపే దిమ్మలు) వేయించా. అంగుళంన్నర వెనక్కి, అంగుళం పైకి వచ్చింది. నడుం నొప్పి పోయింది.

కానీ నేను చేసిన తప్పు కూడా చెప్తా. తర్వాత మోజుకొద్దీ బాగా వెనక్కి వంగిన బార్ ఒకటి వేశా. ద్వారకానగర్‌లో యూ టర్న్ తీసుకుంటుంటే గ్రిప్పు వచ్చి మోకాలికి, ట్యాంకుకి మధ్య ఇరుక్కుంది. హ్యాండిల్ వెనక్కి రాదు, కాలు కింద పెట్టలేను. బండి, నేను నెమ్మదిగా, చాలా గౌరవంగా పక్కకి ఒరిగాం. కొనేముందు రెండువైపులా పూర్తిగా తిప్పి చూసుకో తమ్ముడూ.

మౌనముని
ఆన్‌లైన్‌లో కొనేవాడు తిప్పి చూసుకునేదెలా అక్కా?

వెనకసీటు_కాదు
అదే కదా సమస్య. నేను మూడు కొని రెండు అమ్మా.

పైపులాయన
ఏడాదిగా చదవడమే కానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఇది నా సబ్జెక్టు కాబట్టి రాస్తున్నా. నాది ప్లంబింగ్ కాంట్రాక్టు, కాకినాడ.

ఇళ్ళలో వేడినీళ్ళకు వేసే లేతపసుపు సీపీవీసీ పైపు తెలుసుగా. దాంట్లో ముప్పావు అంగుళం పైపు బయటి కొలత 22.2 మిల్లీమీటర్లు. టర్నర్ గారు చెప్పిన బార్ కొలతే! అంటే మీ క్లాంపులో అచ్చంగా కూర్చుంటుంది. పాత గ్రిప్పు కూడా దాని మీదికి ఎక్కుతుంది. (అంగుళం పైపు అయితే 28.6. ఫ్యాట్ బార్ వాళ్ళకి అది.)

ఒక పైపు, నాలుగు 90 ఎల్బోలు, నాలుగు 45 ఎల్బోలు తెచ్చుకోండి. జిగురు పెట్టొద్దు, ఊరికే దూర్చండి. మధ్య ముక్క క్లాంపులో, అక్కణ్ణుంచి ఎల్బోతో పైకి ఒక ముక్క, మళ్ళీ ఎల్బోతో చేతుల వైపు ఒక ముక్క. ఎల్బోని అటూ ఇటూ తిప్పితే వెనక్కి ఎంత లాగాలో తెలిసిపోతుంది. ఎత్తు ఎక్కువైతే హాక్సా బ్లేడుతో అంగుళం కోయండి. క్లాంపు బోల్టులు వేలితో బిగిస్తే చాలు, స్పానరు పెడితే పైపు నొక్కుకుపోతుంది. కూర్చుని చూడ్డానికే సుమా, తోలడానికి కాదు.

ఆర్ఎక్స్_వంద
అదేదో ట్యాంకులో నుంచి కనెక్షన్ ఇచ్చేస్తే స్నానం కూడా అయిపోతుంది కదా.

ఆటోనగర్_టర్నర్
పైపులాయన గారూ, ముప్పై ఏళ్ళుగా లేత్ మీద ఉన్నా, ఈ ఆలోచన నాకెప్పుడూ రాలేదు. నేను ఇన్నాళ్ళూ ఇనప చువ్వ వంచి చూపించేవాణ్ణి. ఏడాది మౌనంగా ఉండి ఏం పాపం చేశారు సార్ మాకు.

తెనాలి_థంపర్
ఆదివారం ఇదే పని. ఫలితాలు రాస్తా.

సెక్షన్_52
పైపుల పండగ మధ్యలో చెడ్డవార్త చెప్పేది నేనే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ(4) కింద మార్పుకి ఐదు వేల చొప్పున జరిమానా, ఆర్నెల్ల వరకు జైలు కూడా ఉంది. మార్పుకి ఐదు వేలు, గమనించండి. థంపర్ గారి బండికి మడ్‌గార్డు, సీటు, టైర్లు, హ్యాండిల్... లెక్క మీరే వేసుకోండి.

రాణిగంజ్_రోమర్
హైదరాబాద్‌లో పదేళ్ళుగా మార్చిన బార్‌తోనే తిరుగుతున్నా, సైలెన్సర్ గురించి ఆపారు కానీ హ్యాండిల్ గురించి ఎవడూ అడగలేదు భయ్యా.

సెక్షన్_52
ఆపకపోవడం వేరు, చెల్లడం వేరు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ఆపుతాడు. మార్పుల సంగతి పాలసీలో చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర అదే పట్టుకుంటారు.

వెనకసీటు_కాదు
ఈ మాటతో ఏకీభవిస్తా. కనీసం స్టాక్ బార్, కేబుళ్ళు, అద్దాలు అమ్ముకోవద్దు. నూనె రాసి అటక మీద పెట్టుకో. అద్దాలు తీసేసి బాబర్ అనడం మాత్రం నాకు నచ్చదు, ఏ బార్ వేసినా రెండు అద్దాలూ ఉండాలి.

ఆర్ఎక్స్_వంద
నా ఆర్ఎక్స్‌కి కాలేజీ రోజుల్లో పొట్టి హ్యాండిల్ వేశా. రెండు బస్సుల సందులో దూరిపోవచ్చని. దూరేది నిజమే. కానీ బార్ పొట్టిదైతే తిప్పడానికి బలం ఎక్కువ కావాలని అప్పుడు తెలీదు. ఆర్ఎక్స్ తేలిక బండి కాబట్టి బతికిపోయా. బుల్లెట్‌కి అంత పొట్టిది వేస్తే సందులో దూరడం మాట దేవుడెరుగు, స్టాండు తీసి తిప్పడానికే ఉపాహారం కావాలి.

పోతపోసిన_బుల్లెట్
మా రోజుల్లో వైబ్రేషన్ తగ్గడానికి హ్యాండిల్లో ఇసుక పోసి చివర్లకు చెక్క బిరడా కొట్టేవాళ్ళం. నేను కూడా కొట్టాను. వానాకాలంలో చెక్క ఉబ్బింది, లోపల ఇసుక తడిసింది, రెండేళ్ళకు బార్ లోపలినుంచే తుప్పుపట్టింది. విప్పి చూస్తే బార్‌లో సగం కృష్ణా ఇసుకే నిలబెట్టింది.

ఆటోనగర్_టర్నర్
తాతగారూ, ఇప్పుడు చివర్లకు బిగించే బరువులు వస్తున్నాయి. ఇనపవి వేసుకుంటే చేతుల్లో జివ్వుమనడం తగ్గుతుంది. అల్యూమినియంవి అందానికే.

తెనాలి_థంపర్
ఆదివారం ఫలితాలు.

మొదట 12 అంగుళాలు పెట్టి కూర్చున్నా. ఫోన్లో టైమరు పెట్టుకుని కదలకుండా పదిహేను నిమిషాలు. ఎనిమిదో నిమిషానికి చూపుడువేళ్ళు మొద్దుబారాయి. ఫ్రీమాంట్ అన్నా, నువ్వే కరెక్టు. 9కి కోశా. పర్లేదు కానీ భుజాలు పైకి లాగినట్టుంది. 6కి కోశా. అక్కడ మోచేతులు కొంచెం వంగి, భుజాలు కిందికి జారి, మణికట్లు సూటిగా కూర్చున్నాయి. వెనక్కి లాగడం కూడా అక్క చెప్పినట్టు తిప్పి చూశా. 8 అంగుళాలు లాగితే కుర్చీలో కూర్చున్నంత హాయి, కానీ కుడివైపు పూర్తిగా తిప్పితే గ్రిప్పు మోకాలి మీదకొస్తోంది. 6కి తగ్గిస్తే మోకాలికి రెండు వేళ్ళ సందు మిగిలింది. వెడల్పు స్టాక్ కంటే కొంచెం ఎక్కువ ఉంచుకున్నా.

ఫొటోలో 12 అంగుళాలు ఎంత బాగుందో, కింద కూర్చుంటే అంత నరకం. పైపుకి, ఎల్బోలకి అయింది నాలుగొందల లోపే.

పైపులాయన
👍 హాక్సాతో కోసిన చోట గరుకు తీశారా? చెయ్యి కోసుకుంటారు.

తెనాలి_థంపర్
కోసుకున్నా.

రాణిగంజ్_రోమర్
ఆ కొలతలు కాగితం మీద రాసి రాణిగంజ్ వచ్చెయ్. బుల్లెట్ సామాన్ల షాపుల్లో వరుసగా వేలాడుతుంటాయి. టేపు తెచ్చుకో. రైజ్ (బార్ ఎత్తు) అని వాళ్ళు చెప్పేది నమ్మకు. కొందరు క్లాంపు మధ్య నుంచి గ్రిప్పు దాకా కొలుస్తారు, కొందరు అసలు పొడవే చెప్తారు. వెర్నియర్ కూడా జేబులో పెట్టుకో, ఒకసారి కాలింది కదా.

ఆటోనగర్_టర్నర్
బార్ కొన్నాక అయిపోయిందనుకోకు. హ్యాండిల్ ఆరంగుళాలు లేస్తే వైర్లు, బ్రేకు పైపు కూడా లేవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి ఫోర్కులు పూర్తిగా సాగనివ్వు. అప్పుడు హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి, లీవరు దగ్గర్నుంచి కింది దాకా ఒక నూలుతాడు వైరు నడిచే దారిలోనే పట్టి కొలువు. ఎక్కువ వచ్చిన కొలతే నీ పొడవు. స్టాండు మీద హ్యాండిల్ సూటిగా పెట్టి కొలిచావంటే మొదటి యూ టర్న్‌లోనే క్లచ్ దానంతటదే పడుతుంది.

క్లచ్ వైరు షాపులో కావలసిన పొడవుకి చేసిస్తారు. చివర నిపిల్ (లీవరులో ఇరుక్కునే చిన్న గుబ్బ) ఎలా పోస్తున్నాడో నిలబడి చూడు. తీగని రంధ్రంలో దూర్చి పైన సీసం పూసి ఇచ్చేస్తే అది నెలలో జారిపోతుంది. తీగ చివర పోగులు విప్పి చీపురులా పరిచి, దాన్ని నిపిల్ లోపలికి లాగి, అప్పుడు సీసం పోయాలి. పరిచిన పోగులు లోపల ఇరుక్కుని ఉంటే ఎంత గుంజినా రాదు.

బ్రేకు పైపుకి స్టీలు అల్లికది చేయించుకో. విప్పిన ప్రతి జాయింటుకీ కొత్త రాగి వాషర్లు వెయ్. పాతవి తిప్పి వేస్తే కారతాయి.

ఫ్రీమాంట్_చాపర్
బ్రేక్ ఆయిల్ పోసేటప్పుడు ట్యాంకు మీద దుప్పటి కాదు, ప్లాస్టిక్ షీటు కప్పు. డాట్ 4 చుక్క పడితే పెయింటు పొక్కులొస్తుంది. పడితే తుడవకుండా వెంటనే నీళ్ళు పోసి కడుగు. ఇంకోటి, బార్ వంపు మారితే బ్రేకు ఆయిల్ డబ్బా ఒరిగిపోతుంది. హ్యాండిల్ సూటిగా పెట్టి చూస్తే డబ్బా మట్టంగా ఉండాలి. లేకపోతే ఆయిల్ తగ్గినప్పుడు గాలి మింగుతుంది, లీవరు స్పాంజిలా అయిపోతుంది.

మౌనముని
ఏబీఎస్ బండికైతే?

ఆటోనగర్_టర్నర్
బ్రేకు పైపులు ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్ళి బయటికొస్తాయి కాబట్టి గాలి తీయడం తెలిసిన చోటే చేయించు. 2019 తర్వాతి బండైతే ఇంట్లో ముట్టుకోవద్దు.

తెనాలి_థంపర్
బార్ దొరికింది. 22.2, మూడుచోట్ల కొలిచా 😀 ఆరున్నర రైజ్. 1,850. గ్రిప్పులు కోయకుండా తీయడమెలా?

ఆర్ఎక్స్_వంద
పెట్రోలు పోయ్.

వెనకసీటు_కాదు
పెట్రోలు వద్దు, రబ్బరు జిడ్డుగా అయిపోతుంది. పంక్చర్ షాపుకి వెళ్ళి గ్రిప్పు కిందికి గాలి గన్ను పెట్టమను. బుస్సుమని ఉబ్బి జారి వచ్చేస్తుంది. ఎక్కించేటప్పుడు కూడా అంతే.

తెనాలి_థంపర్
వచ్చేసింది అక్కా, పాము కుబుసంలా.

ఇప్పుడు కొత్త తంటా. స్విచ్‌ల లోపల చిన్న మేకు లాంటిది ఉంది. పాత బార్‌కి దానికోసం రంధ్రం ఉంది, కొత్తదానికి లేదు. మెకానిక్ ఆ మేకు కోసేస్తానంటున్నాడు.

ఆర్ఎక్స్_వంద
కోసెయ్, అందరూ చేసేదే. నాది ఇరవై ఏళ్ళ క్రితం కోశా.

ఆటోనగర్_టర్నర్
వద్దు. మేకు పోతే స్విచ్ డబ్బా బిగింపు మీదే ఆగాలి. గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది, వదిలేస్తే ఇండికేటరు వేసినప్పుడల్లా డబ్బా మొత్తం తిరుగుతుంది. మేకు మొనకి సుద్ద పూసి, స్విచ్‌ని నీకు కావలసిన వాటంలో పెట్టి మూసెయ్. బార్ మీద తెల్లచుక్క పడుతుంది. అక్కడ మేకుకి సరిపడా చిన్న రంధ్రం చేసి అంచు గరుకు తియ్. ముందు బండి మీద కూర్చుని లీవర్లు వేళ్ళకి అందే వాటం చూసుకున్నాకే సుద్ద పూయాలి. రంధ్రం పడ్డాక మనసు మార్చుకోలేవు.

ఆర్ఎక్స్_వంద
బార్‌కి రంధ్రం చేస్తే బలం తగ్గదా మరి? అది ఫర్వాలేదా?

ఆటోనగర్_టర్నర్
గ్రిప్పు పక్కన చిన్న రంధ్రానికి ఏం కాదు, కంపెనీ వాడు కూడా అక్కడే చేశాడు. క్లాంపు పక్కనా, వంపు మీదా చేయకూడదు. బలమంతా పడేది అక్కడే. వైర్లు బార్ లోపల్నుంచి దాచాలని కొందరు క్లాంపు పక్కనే వేలు దూరేంత రంధ్రం కొడతారు. ఆ పని ఈ బార్‌కి వద్దు.

ఆర్ఎక్స్_వంద
సరే గురువుగారూ. అయినా నాది ఇరవై ఏళ్ళు నిలిచింది.

పోతపోసిన_బుల్లెట్
అందులో పద్దెనిమిదేళ్ళు బండి గోనెసంచి కిందే ఉందని నువ్వే ఒకసారి రాశావు నాయనా.

తెనాలి_థంపర్
బిగించాం. నిన్న సాయంత్రం మొదటి రౌండు. కూర్చోడం అద్భుతం, పైపు మీద ఎలా అనిపించిందో అచ్చం అలాగే. కానీ రెండు దయ్యాలు పట్టాయి.

ఒకటి, కుడివైపు బాగా తిప్పితే హారన్ దానంతటదే మోగుతోంది. గాంధీ చౌక్‌లో ఓ పెద్దాయన నన్ను తినేసేలా చూశాడు.
రెండు, నిలబడి ఎడమవైపు తిప్పితే ఇంజన్ రేజ్ అవుతోంది.

వెనకసీటు_కాదు
రెండోది సరిచేసేదాకా బండి తీయొద్దు. నిజంగా చెప్తున్నా. యూ టర్న్ మధ్యలో బండి దానంతటదే దూకుతుంది.

ఆటోనగర్_టర్నర్
ఎక్స్‌లేటర్ వైరు పొట్టిది అయినా అయ్యుండాలి, దారి తప్పు అయినా అయ్యుండాలి. ట్యాంకు లేపి వైరు ఎక్కడైనా ఫ్రేముకి చుట్టుకుని లాగుతోందేమో చూడు. గ్రిప్పు తిప్పితే మొదట రెండు మూడు మిల్లీమీటర్లు ఊరికే తిరగాలి. బండి నిలబెట్టి, ఇంజన్ స్లోలో ఉంచి, హ్యాండిల్ అటు చివర్నుంచి ఇటు చివరికి తిప్పితే శబ్దం ఒక్కలాగే ఉండాలి. మారిందంటే పని పూర్తి కానట్టే.

హారన్ సంగతి: క్లచ్ వైరు, బ్రేకు పైపు పొడవు చేయించావు. మరి స్విచ్ వైర్లు?

తెనాలి_థంపర్
...అవి పాతవే.

ఆటోనగర్_టర్నర్
హెడ్‌లైట్ డూమ్ విప్పు. వైర్లు లోపలికి దూరే రంధ్రం దగ్గర చూడు.

తెనాలి_థంపర్
విప్పా. కుడికి తిప్పినప్పుడు ఎడమ స్విచ్ కట్ట తీగలా బిగుసుకుపోయి డూమ్ రంధ్రం అంచుకి రాసుకుంటోంది. రబ్బరు బుష్ ఊడి లోపల పడి ఉంది. రెండు వైర్ల తొడుగు చెక్కుకుపోయి రాగి కనపడుతోంది. ఇంకో రెండ్రోజులు తిరిగుంటే ఫ్యూజు ఎగిరేదేమో.

రాణిగంజ్_రోమర్
రంగులు కలిపి ఆరంగుళాల ముక్కలు వేసి సోల్డరింగ్ చెయ్ భయ్యా. మెలిపెట్టి టేపు చుట్టడం కాదు. ప్రతి జాయింటూ ఒకేచోట రాకుండా వెనకా ముందూ పెట్టు, లేకపోతే కట్ట లావై మళ్ళీ రంధ్రంలో దూరదు. పైన హీట్ స్లీవు, కొత్త రబ్బరు బుష్.

తెనాలి_థంపర్
అయింది. సోల్డరింగ్ నేనే చేశా, నాలుగు గంటలు పట్టింది. ఎక్స్‌లేటర్ వైరు ట్యాంకు కింద అడ్డదారిన పోయింది, దారి మార్చి రెండంగుళాలు పొడుగుది వేశాం. ఇప్పుడు అటూ ఇటూ తిప్పితే డుగ్‌డుగ్ ఒక్కలాగే ఉంది. ఈ రోజు గుంటూరు పోయి వచ్చా. హారన్ నేను నొక్కినప్పుడే మోగింది.

సెక్షన్_52
స్టాక్ బార్ అటకెక్కిందా?

తెనాలి_థంపర్
ఎక్కింది సార్, నూనె రాసి. మీ పేరు తలుచుకునే ఎక్కించా.

ఫ్రీమాంట్_చాపర్
ఆ అంగుళం బార్ ఇంకా ఉందా? డిసెంబర్‌లో ఇంటికొస్తున్నా. మా తమ్ముడి గ్యారేజీలో గోడకి వేలాడదీయడానికైనా తీసుకుంటా.

తెనాలి_థంపర్
ఉంది అన్నా, వచ్చి పట్టుకుపో. 12 అంగుళాలు, ఒక్క కిలోమీటరు తిరగలేదు.

పైపులాయన
మరి నా పైపు ముక్కలు?

తెనాలి_థంపర్
నాన్న పొద్దున పెరట్లో మోటారు దగ్గర వాడేశాడు. ఎల్బోలు కూడా. కారట్లేదట.